న్యూజీలండు పైను వనములు : కలప విపణి చెప్పు పాఠము

వరి నాటిన రైతు నాలుగైదు నెలల తరువాతి ధరను ఊహించుకొనిన చాలును. చెఱకు వేసినవాడు ఏడాది ముందునకు చూడవలెను. మామిడి, కొబ్బరి పెట్టినవాడు బిడ్డల కాలమును తలచి పెట్టును. కలప కొరకు వనము నాటువాని చిక్కు వీరందరికంటె పెద్దది. మొక్క నాటిననాడు ఏ కలపకు గిరాకి యున్నదో, చెట్టు కోతకు వచ్చిననాడును దానికే గిరాకి యుండునని ఎవరు చెప్పగలరు? నడుమ ఒక తరము గడచును. ఇండ్లు కట్టు తీరు మారును. కొత్త యంత్రములు వచ్చును. కొనెడు దేశములు మారును. చెట్టు మాత్రము తన వేగముతో తాను పెరుగుచుండును.

ప్రపంచమున నేడు ఏటేట సుమారు 400 కోట్ల ఘన మీటర్ల కలపను కొట్టుచున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. అందు రమారమి సగము వంటచెరకుగను, బొగ్గుగను మండిపోవును. మిగిలిన సగమే దూలములు, పలకలు, ప్లైవుడ్డు, కాగితపు గుజ్జుగ మారును. అదే సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారము భూమిపై అడవులు 406 కోట్ల హెక్టార్లు. అందు మనుష్యులు నాటినవి నూటికి 7 పాళ్లు మాత్రమే. ఐనను కర్మాగారములకు చేరు కలపలో ఈ నాటుడు వనముల వాటా వాని విస్తీర్ణపు వాటాకంటె ఎన్నో రెట్లు హెచ్చు. దొరికినచోట అడవిని కొట్టుకొనుట తగ్గి, పైరువలె నాటి కోయుట పెరుగుచున్నది. గత నూరేండ్లలో అటవీశాస్త్రమున వచ్చిన పెద్ద మార్పు ఇది. ఈ మార్పును మొదటినుండి నేటివరకు ఒకే దేశమున చూడగోరువారికి దక్షిణ పసిఫిక్కులోని న్యూజీలండు తగిన ఉదాహరణము.

వెన్నపెట్టెల కాలము

1769 నవంబరులో ఆంగ్ల నావికుడు జేమ్సు కుక్ న్యూజీలండు ఉత్తర ద్వీపమున ఒక నదివెంట లోనికి పోయి, ఆకాశమునంటు చెట్లను చూచెను. ఒక చెట్టును కొలువగా చుట్టుకొలత 19 అడుగుల 8 అంగుళములు, మొదటినుండి తొలి కొమ్మవరకు ఎత్తు 89 అడుగులు తేలినది. ఆ చెట్టు పేరు కహికాటియా. అంత నిటారైన మాను ఓడల స్తంభములకు పనికివచ్చునని తరువాత వచ్చిన వర్తకులు ఆశపడిరి. కాని ఆ కలప త్వరగా పుచ్చునని అనుభవమున తెలిసెను. ఓడల స్తంభములకు తగినది ఉత్తరపు కొసన పెరుగు కౌరి అను మరియొక జాతియని తేలుటతో గొడ్డళ్లు అటు మరలెను.

కహికాటియా బ్రతికిపోయినదని తలచుటకు వీలులేదు. 1882లో శీతల యంత్రములు అమర్చిన ఓడలో న్యూజీలండు మాంసము మొదటిసారి ఇంగ్లండు చేరెను. ఆ వెనుకనే వెన్న ఎగుమతియు పెరిగెను. వెన్న పొరుగు వాసనను ఇట్టే పట్టుకొనును. కనుక దానిని ఉంచు పెట్టెకు ఏ వాసనయు ఉండరాదు. తెల్లని కహికాటియా కలపకు వాసన లేదు. ఓడకు పనికిరాని చెట్టు ఈ విధముగా వెన్నపెట్టెలకు కావలసినదయ్యెను. అది పెరుగు పల్లపు చిత్తడినేలలే నీరు తీసినచో మంచి పచ్చిక బయళ్లగును. చెట్టు పెట్టెయై, నేల ఆవుల మేతయై, ఆ రెంటినుండియు లండనుకు వెన్న పోయెను. కొన్ని దశాబ్దములలో కహికాటియా అడవులు చాలవరకు తుడిచిపెట్టుకొనిపోయినవి. కౌరి అడవులకును అదే గతి పట్టెను. ఈ నేలను శతాబ్దములుగా ఎరిగిన మావోరీల చేతినుండి అడవియు, భూమియు క్రమముగ జారిపోయినవి.

కలప కరువు భయము

ఇరువదవ శతాబ్దము మొదలగునప్పటికే ఆ దేశపు ఆలోచనాపరులకు దిగులు పట్టుకొనెను. కౌరి పెరుగుటకు వందల యేండ్లు పట్టును. కొట్టు వేగమునకు పెరుగు వేగము ఎన్నడును అందదు. 1898లో రోటొరువా సమీపమున ప్రభుత్వము మొక్కల నర్సరీ పెట్టినది. 1901నుండి చెరసాల ఖైదీలచేత అక్కడి బయళ్లలో మొక్కలు నాటించుట మొదలిడెను. 1913లో ఒక రాజసంఘము అడవుల స్థితిని విచారించి, నాటుడు వనముల ఆవశ్యకతను చెప్పెను. 1920లో కెనడా దేశీయుడగు మాకింటాష్ ఎల్లిస్ కొత్త అటవీశాఖకు అధిపతిగ వచ్చెను. ఆయన 1921–23లో దేశమందలి కలపను లెక్కవేయించెను. స్వదేశపు మెత్తని కలప మరి నలుబది, నలుబదియైదు ఏండ్లకు మించి రాదని ఆ లెక్క చెప్పెను. 1925లో ప్రభుత్వము పది సంవత్సరములలో 3,00,000 ఎకరములు నాటవలెనని నిశ్చయించెను.

భూమి ఎక్కడ దొరకును? ఉత్తర ద్వీపపు నడుమ కైంగరోవా అను విశాలమైన బయలు కలదు. అది అగ్నిపర్వతములు చిమ్మిన నురుగురాతి నేల. అక్కడ మేసిన గొఱ్ఱెలు, ఆవులు కడుపునిండ గడ్డి తినియు చిక్కి శల్యమై చచ్చుచుండెను. దానికి కారణము 1930ల నడుమగాని తెలియలేదు. ఆ నేలలో కోబాల్టు మిక్కిలి తక్కువ. నెమరువేయు జంతువుల పొట్టలోని సూక్ష్మజీవులు కోబాల్టునుండియే బి-12 విటమినును తయారుచేయును. అది లేనిచో జంతువునకు రక్తము క్షీణించును, ఆకలి చచ్చును. ఈ రహస్యము తెలియని కాలమున పశువులకు పనికిరాని నేలను చెట్లకు విడిచిపెట్టిరి. ఎరువులో చిటికెడు కోబాల్టు కలిపిన ఆ నేలయే మంచి పచ్చికబయలగునని తెలియునప్పటికి కైంగరోవా వనమై యుండెను.

ఏ చెట్టు నాటవలెను? లార్చి, కార్సికా పైను, డగ్లసు ఫర్, యూకలిప్టసు మొదలగువానిని పరీక్షించిరి. అన్నింటిలోను గెలిచినది రాడియేటా పైను. దీని పుట్టిల్లు కాలిఫోర్నియా. అక్కడ సముద్రపు ఒడ్డున మూడు చిన్న చోట్లను, మెక్సికోకు చెందిన రెండు దీవులలోను మాత్రమే అది సహజముగ పెరుగును. వేసవి ఎండకు, నీటి కొరతకు అక్కడ వంకరటింకరగ పెరుగు ఈ చెట్టు, ఏడాది పొడుగున వానలు గల న్యూజీలండులో నిటారుగ సాగి, 25–30 ఏండ్లలో కోతకు వచ్చును. కౌరి తీసికొను కాలముతో పోల్చిన ఇది కన్ను మూసి తెరచునంత.

ప్రభుత్వముతోపాటు ప్రైవేటు కంపెనీలును రంగములోనికి దిగినవి. అవి న్యూజీలండు, ఆస్ట్రేలియా దేశములలోని సామాన్య ప్రజలకు బాండ్లు అమ్మి, ఆ సొమ్ముతో మొక్కలు నాటించెను. 1930లలో ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించినప్పుడు పనిలేని కూలీలకు ఈ నాటుపని అన్నము పెట్టెను. 1930ల నడుమకు ప్రభుత్వపు వనములు, కంపెనీల వనములు కలిసి సుమారు 3,00,000 హెక్టార్లకు చేరినవి.

అడవి కలదు, కొనువాడు లేడు

చెట్లు పెరిగినవి. కాని వానిని ఏమి చేయవలెనో స్పష్టముగ తెలిసినవారు కొద్దిమందియే. రాడియేటా కలప మెత్తనిది. తడి తగిలిన బూజు పట్టును, పురుగు పట్టును. కౌరి, రిము వంటి స్వదేశపు గట్టి మ్రానులకు అలవాటుపడిన వడ్రంగులు దీనిని ముట్టుకొనరైరి. అంతయు ఒకే జాతి, ఒకే వయస్సు. చాలచోట్ల మొక్కలను పలుచన చేయకుండ విడిచిరి. ఇరుకున పెరిగి బలహీనపడిన చెట్లకు 1940లలో సైరెక్సు అను కందిరీగ వంటి పురుగు సోకి లెక్కలేనన్ని చెట్లను ఎండబెట్టెను. 1946లో టౌపో ప్రాంతమున కార్చిచ్చు రేగి వనములను కాల్చెను.

ఈ స్థితిలో విజ్ఞానశాస్త్రము ఆదుకొనెను. 1947లో రోటొరువాలో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడెను. కలపను కాపాడు ఉపాయములలో మిక్కిలి సులభమైనది బోరాను లవణముల పద్ధతి. అప్పుడే కోసిన పచ్చి పలకలను గాఢమైన బోరాను ద్రావణములో ముంచి, పేర్చి, గాలి తగులకుండ కప్పి కొన్ని వారములుంచెదరు. పలకలోని తడియే వాహకమై లవణమును లోపలివరకు తీసికొనిపోవును. దానితో పురుగు దరిజేరదు. 1950లలో ఈ పద్ధతి వ్యాపించి, వడ్రంగులు కాదనిన పైను దేశమందలి ఇండ్లకు చట్రమయ్యెను.

రెండవ ఉపాయము కాగితము. పైను కలపలోని నారలు పొడవైనవి. గట్టి కాగితమునకు అనువైనవి. జిగురుగల పైను కలపను గుజ్జు చేయుటకు జర్మనీలో కార్ల్ డాల్ 1884లో పేటెంటు పొందిన సల్ఫేటు పద్ధతి అక్కరకు వచ్చెను. అటవీశాఖాధిపతి అలెక్సు ఎంట్రికన్ పట్టుదలతో కైంగరోవా కలపకై కవెరౌ అనుచోట పెద్ద కాగితపు మిల్లు వెలసెను. ఆ చోటున భూమిలోనుండి సహజముగ వెలువడు వేడి ఆవిరిని మిల్లునకు వాడుకొనిరి. 1955లో అక్కడ వార్తాపత్రికల కాగితము తయారగుట మొదలాయెను. కొనుగోలుదారు పొరుగునున్న ఆస్ట్రేలియా. 1965లో రెండు దేశములు చేసికొనిన వాణిజ్యపు ఒప్పందము ఈ వ్యాపారమును బలపరచెను. ఇంటి దూలముల కొరవ తీర్చుటకని నాటిన చెట్టు, పరదేశపు వార్తాపత్రికయై అమ్ముడుపోయెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. 1920లనాటి లెక్క సూచించిన కలప కరువు న్యూజీలండుకు రాలేదు. దానినిబట్టి లెక్క తప్పనుట న్యాయము కాదు. ఆ లెక్కను నమ్మి మొక్కలు నాటినందుననే కరువు తప్పినది. ఐతే ఏ కలప, ఎవరికి, ఏ రూపమున అమ్ముడగునన్నది మాత్రము లెక్కవేసినవారు చెప్పలేకపోయిరి.

మారిన కొనుగోలుదారులు

1950ల చివర జపానుకు దుంగలు ఎగుమతియగుట మొదలయ్యెను. యుద్ధానంతరము ఇండ్లు, కర్మాగారములు కట్టుకొనుచున్న జపాను ఎంత కలప వచ్చినను కొనుచుండెను. ఈ గిరాకి చూచి 1960లనుండి న్యూజీలండు రెండవసారి విరివిగ నాటెను. తరువాత దక్షిణ కొరియా, ఆ వెనుక చైనా ముఖ్యమైన కొనుగోలుదారులైనవి. నేడు ఎగుమతియగు దుంగలలో అధికభాగము చైనాకే పోవుచున్నది. అక్కడ భవన నిర్మాణము మందగించినపుడెల్ల న్యూజీలండులోని రేవులలో దుంగలు పేరుకొనిపోవును; కోతకూలీలకు పని తగ్గును.

నాటినవారి అంచనాలు తారుమారైన ఉదాహరణములు మరి రెండు చెప్పవచ్చును. 1970లలో చాలమంది చెట్ల క్రిందికొమ్మలను చిన్నతనముననే నరికి, ముడులు లేని కలపను పెంచుట మొదలిడిరి. ముప్పది యేండ్ల తరువాత అట్టి కలపకు మంచి ధర పలుకునని వారి ఆశ. ఆ చెట్లు కోతకు వచ్చులోపల, ముడులున్న భాగములను కోసి పారవేసి చిన్నముక్కలను వ్రేళ్లవలె ఒకదానిలో నొకటి దూర్చి అతుకు యంత్రములు వ్యాపించినవి. ముడిలేని మానునకు రావలసిన అదనపు ధర చాలవరకు తగ్గిపోయినది.

రెండవది మరింత బాధాకరమైనది. 1990లలో నిర్మాణ ప్రమాణములను సడలించి, బోరాను పట్టింపని ఎండు పైనుతో ఇండ్ల చట్రములు కట్టనిచ్చిరి. అదే కాలమున చూరులేని కొత్తమోస్తరు గోడల ఇండ్లు వచ్చినవి. వాననీరు గోడలలోనికి దిగి చట్రములు కుళ్లినవి. వేలకొలది కుటుంబములు తమ ఇండ్లలోనే నిలువలేని స్థితికి వచ్చిరి. 2004లో పాత నియమమును మరల తెచ్చిరి. రెండు తరముల ముందు పరిశోధకులు కనుగొనిన సంగతిని మరచినందులకు సామాన్యులు చెల్లించిన మూల్యమిది.

1987లో ప్రభుత్వము అటవీశాఖను రద్దుచేసి, వనములను వ్యాపార పద్ధతికి మార్చెను. కైంగరోవా చుట్టునున్న ఊళ్లలో ఎందరో ఉద్యోగములు పోగొట్టుకొనిరి. వారిలో మావోరీలు పెక్కుమంది. చెట్లను కోయు హక్కులు కంపెనీలకు అమ్ముడుపోయినను, మావోరీల హక్కుల విచారణ తేలవలసి యున్నందున భూమిని అమ్మలేదు. 2008లో చేసిన చట్టము ననుసరించి కైంగరోవాతో కూడ సుమారు 1,76,000 హెక్టార్ల వనభూమి ఆ ప్రాంతపు మావోరీ తెగలకు తిరిగి చేరెను. వెన్నపెట్టెల కాలమున మొదలైన అన్యాయములలో ఒకదానికి ఇంతకాలమునకు కొంత పరిహారము లభించినది.

వార్తాపత్రికల కాగితపు కథ కూడ ముగిసినది. ప్రజలు వార్తలను తెరలపై చదువుట అలవాటైన కొలది ప్రపంచమంతట ఆ కాగితమునకు గిరాకి పడిపోయెను. కవెరౌ కాగితపు మిల్లు 2021 జూనులో మూతపడెను. అరువది యారేండ్ల ఆయువు! రెండు పైను పంటల కాలమే అది.

కొట్టని చెట్టునకు ధర

ఇంతలో మరియొక విపణి పుట్టెను. ఎండిన కలప బరువులో సుమారు సగము కర్బనము. గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండియే చెట్టు దానిని తీసికొనును. 2008లో న్యూజీలండు ప్రారంభించిన కర్బన వ్యాపార పథకము ప్రకారము కొత్తగ వనము పెంచువారు అది నిలువచేసిన కర్బనమునకు యూనిట్లు పొంది అమ్ముకొనవచ్చును. దీనితో కలప అమ్మకున్నను వనము ఆదాయమునిచ్చుట మొదలయ్యెను. గొఱ్ఱెల పొలములు పైను వనములగుచున్నవని పల్లెలలో ఆందోళనయు పుట్టెను.

అడవి చేయు మేలును ఒక్క లెక్కతో కొలుచుటలోని ప్రమాదమును ఉత్తర ద్వీపపు తూర్పుతీరము చూపినది. 1988 మార్చిలో బోలా తుపాను అక్కడి నిట్రమైన కొండలను కరిగించి పొలములపైకి తెచ్చెను. అడవి కొట్టి గడ్డి పెంచిన ఫలితమది. నేలను పట్టి నిలుపుటకై ప్రభుత్వము సహాయమిచ్చి ఆ కొండలపై పైను నాటించెను. చెట్లున్నంతకాలము వేళ్లు మట్టిని పట్టినవి. ముప్పది యేండ్లకు చెట్లు కోతకు వచ్చెను. కొండకు కొండ ఒకేసారి నరుకగా మొదళ్లలోని వేళ్లు క్రమముగ కుళ్లినవి. తిరిగి నాటిన మొక్కలకు ఇంకను బలము రాలేదు. 2018 జూనులోను, 2023 ఫిబ్రవరిలో వచ్చిన గేబ్రియల్ తుపానులోను, నరికిన చోట విడిచిన కొమ్మలు, తుండుదుంగలు బురదతోకూడి వాగులవెంట దొర్లి, వంతెనలను కూల్చి, సముద్రపు ఒడ్డులను కప్పివేసెను. నేలను కాపాడుటకు నాటిన చెట్టును కలప చెట్టువలె కొట్టిన వచ్చిన కీడు ఇది. కొన్ని కొండలపై ఎన్నటికిని కొట్టని స్వదేశపు చెట్లే ఉండదగునని ఇప్పుడు అక్కడివారు గట్టిగ చెప్పుచున్నారు.

రేపటి విపణి

ఇకముందు కలపకు గిరాకి ఎట్లుండును? కొన్ని సూచనలు కనబడుచున్నవి. వార్తాపత్రికల కాగితము తగ్గినను, సరుకులు ఇంటికి పంపు వ్యాపారము పెరిగి అట్టపెట్టెలకు గిరాకి పెరిగెను. కలప గుజ్జునుండి తీయు నూలు బట్టల పరిశ్రమకు పోవుచున్నది. 1990లలో ఆస్ట్రియాలో రూపొందిన అడ్డునిలువు పలకల పద్ధతి వలన మెత్తని కలపతో ఎత్తైన మేడలు కట్టుట సాధ్యమైనది. పలకలను ఒక వరుస నిలువుగ, ఒక వరుస అడ్డముగ పేర్చి జిగురుతో అతికించిన దళసరి బల్లలవి. నార్వేలో ఇట్టి కలప నిర్మాణముతో 2019లో 18 అంతస్తుల మేడయు, అమెరికాలోని మిల్వాకీలో 2022లో 25 అంతస్తుల మేడయు లేచినవి. సిమెంటు, ఉక్కు తయారీలో వెలువడు బొగ్గుపులుసు వాయువును తగ్గించుటకు ఇదియొక మార్గమని నిపుణుల ఆశ.

ఐనను ఆశలయందు జాగ్రత్త అవసరము. ఆహార వ్యవసాయ సంస్థలో పనిచేసిన జాక్ వెస్ట్‌బీ 1962లో, అటవీ పరిశ్రమలు పేదదేశముల అభివృద్ధికి మెట్లగునని ప్రసిద్ధమైన వ్యాసము వ్రాసెను. ఎన్నో దేశములు ఆ మాటను నమ్మి నడచినవి. 1978లో జకార్తాలో జరిగిన ప్రపంచ అటవీ మహాసభలో ఆయనయే లేచి, అనుకొనిన మేలు పేదలకు చేరలేదని ఒప్పుకొనెను. తన అంచనాను తానే సరిచూచుకొనిన ఆ నిజాయితీ శాస్త్రజ్ఞులకు ఆదర్శము.

ఈ కథ మనకు దూరపుది కాదు. 2010 ప్రాంతములలో న్యూజీలండు పైను దుంగలు గుజరాతులోని కాండ్లా రేవున దిగి, అక్కడి కోతమిల్లులలో సరుకుల పెట్టెలైనవి. మన తీరపు సరుగుడు తోపులు, ప్రకాశము, ఖమ్మము జిల్లాలలోని జామాయిలు, సుబాబుల్ తోటలు కాగితపు మిల్లులను నమ్ముకొని పెరుగుచున్నవి. మన రైతు నాలుగైదు ఏండ్లకే కోయును గనుక అతని నిరీక్షణ చిన్నది. అతనిని వేధించు ప్రశ్న మాత్రము కైంగరోవాలో మొక్క నాటినవాని ప్రశ్నయే. కోతనాటికి ధర యెంత? కొనువాడెవడు?

న్యూజీలండు నూరేండ్ల అనుభవము దీనికి సూటియైన జవాబు చెప్పలేదు. కాని కొన్ని జాగ్రత్తలు నేర్పును. ఒకే జాతిని, ఒకే వయస్సున, ఒకే కొనుగోలుదారును నమ్మి నాటరాదు. కలపను కోయుట, నిలువచేయుట, కాపాడుట తెలిసిన పరిశోధనాలయమును మొక్కతోపాటే పెంచవలెను. నేలను నిలుపు అడవిని, కలపనిచ్చు వనమును వేరువేరుగ గుర్తించవలెను. వైపువా అడవిలో తానే మహుత అను కౌరి వృక్షము 50 మీటర్లకు పైబడిన ఎత్తుతో నేటికిని నిలిచియున్నది. దానిని అమ్ముటకు ఎవరును పెంచలేదు. దానిని చూచుటకు దూరదేశములనుండి జనము వచ్చుచున్నారు. కౌరిని కొట్టినవారి లెక్కలలో ఈ గిరాకికి చోటే లేదు.